పాత చీరల మూటలు మలావీకి పంపొచ్చా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి
18 ఆగస్టు 2024

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇరవై ఆరేళ్లుగా మా వీధి అరుగు మీదే మిషను వేసుకుని జాకెట్లు కుడుతున్నాను. ఇలాంటి చోట రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి.

మా మేనల్లుడు ఆఫ్రికాలో మలావీ అనే దేశంలో, బ్లాంటైర్ ఊళ్లో ఒక హోల్‌సేల్ కొట్లో పని చేస్తున్నాడు. వాడికి వంట చేసి పెట్టే ఆవిడ ఒకామె ఉంది. ఆదివారం వాడు వీడియో కాల్ చేస్తే ఆవిడ కూడా వచ్చి చెయ్యి ఊపుతుంది. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. ఒకసారి కుడుతున్న జాకెట్టు ఎత్తి చూపించాను. చంక దగ్గర వేలు పెట్టి ఏదో అంది. ఏటంటోందిరా అంటే, అక్కడ బిగువైందట అత్తా అన్నాడు. చూసుకుంటే నిజంగానే బిగువైంది. విప్పి మళ్లీ కుట్టాను.

పోయినేడు మార్చిలో అక్కడ ఫ్రెడ్డీ తుపాను వచ్చింది. బ్లాంటైర్ చుట్టూ కొండలు జారి మట్టి ఇళ్ల మీద పడిందట. చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి వెయ్యి దాటారు. ఈవిడ చెల్లెలి ఇల్లు పోయింది. ఈ ఏడాదేమో వానల్లేక మొక్కజొన్న నిలువునా ఎండింది. వాళ్లకి మొక్కజొన్న పిండే అన్నం, దాన్ని ఎన్సిమా అంటారు. ఈవిడ జీతం మీద ఇప్పుడు ఎనిమిది ఇళ్లు ఆధారపడ్డాయని మావాడు చెప్పాడు.

మా వీధిలో ఆడవాళ్లం పన్నెండు మందిమి కలిసి పద్నాలుగు మూటలు కట్టాం. పాత చీరలు, పిల్లల బట్టలు. డబ్బులు కూడా ఆరువేల నాలుగు వందలు పోగయ్యాయి. కొరియరు కొట్టువాడు చెప్పిన రేటు వింటే ఆ డబ్బుకి ఒక్క మూట కూడా కదలదు. విశాఖ నుంచి ఓడలో వేస్తే చవకంటున్నారు ఒకరు. మూటలొద్దు, రెండు కుట్టు మిషన్లు కొని పంపుదాం అంటున్నారు ఇంకొకరు. నాకైతే కుట్టుమిషన్ల మాటే నచ్చింది, నేను బతికింది దాని మీదే కదా.

తెలిసినవాళ్లు చెప్పండి. ఎలా పంపాలి? అసలు ఏది పంపితే వాళ్లు ఆ గొయ్యిలోంచి పైకి వస్తారు?


బొడొబజార్ బాబాయ్, బరంపురం
18 ఆగస్టు

అమ్మా, మీ మనసు మంచిదే. కానీ ఒక మాట అడుగుతాను, కోపం వద్దు. గజపతి జిల్లాలో పేదవాళ్లు అయిపోయారా? మోహన వైపు వెళ్లండి, రాయగడ ఏజెన్సీకి వెళ్లండి. మన గంజాం కుర్రాళ్లు సూరత్‌లో పన్నెండు గంటలు మగ్గం దగ్గర నిలబడుతున్నారు. వీళ్లని వదిలి సముద్రం దాటాలా? పైగా డబ్బు చేతికిస్తే ఎక్కడైనా జరిగేది ఒకటే, మగాడు తాగేస్తాడు.


మహేంద్రతనయ
18 ఆగస్టు

బాబాయ్ గారూ, కోపమేం లేదు. తిత్లీ తుపాను అప్పుడు ఈ వీధివాళ్లమే పదకొండు రోజులు వండి పెట్టాం, మీకు తెలీదు కాబట్టి చెప్తున్నాను. ఇక్కడ చేస్తున్నది మానేసి అక్కడ చేస్తామనలేదు.

ఇంకోటి. మా తాత రంగూన్‌లో బియ్యం మిల్లులో కూలి. 1942లో బాంబులు పడ్డాక నడిచి వచ్చినవాడు. దారిలో ఎవరో ఊరు పేరు తెలీని ముసలమ్మ గంజి పోసిందని చచ్చేదాకా చెప్పాడు. ఆవిడ ఏ దేశందో ఆయన కనుక్కోలేదు.


నందోలు, కాశీనగర్ (ఇప్పుడు బరంపురం)
19 ఆగస్టు

అక్కా, నేను బ్లాంటైర్ పక్కనే లింబేలో ఆరేళ్లు ఒక షాపులో లెక్కలు రాశాను. ఇనుప రేకులు, మేకులు, ఎరువులు, బకెట్లు అన్నీ అమ్మేవాళ్లం. పోయినేడు తిరిగొచ్చేశాను. మీ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను, కాస్త పొడుగవుతుంది.

ముందు మూటల సంగతి. పంపకండి.

2018లో దసరాకి సెలవు మీద కాశీనగర్ వచ్చాను. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మాకు గాలి ఒక దెబ్బ, వంశధార ఒక దెబ్బ. మూడో రోజునో నాలుగో రోజునో లారీలు రావడం మొదలైంది. నీళ్లు, అటుకులు తెచ్చినవాళ్లకి ఇప్పటికీ దణ్ణం పెడతాను. కానీ సగం లారీలు పాత బట్టలే. మా జంక్షన్‌లో దించేసి ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. జిప్పు లేని ప్యాంట్లు, ఒంటి బూట్లు, తడిస్తే ఒంటికి అంటుకునే సిల్కు చీరలు. మళ్లీ వాన పడింది. ఆ గుట్ట ముద్దయిపోయి వారం రోజులు కంపు కొట్టింది, ఆవులు నమిలాయి. అందులో ఒక పెళ్లి కోటు దొరికింది, బంగారు రంగు బొత్తాలది. మా పక్కింటాయన దాన్ని వంకాయ మడిలో దిష్టిబొమ్మకి తొడిగాడు. రెండేళ్లు నిలబడింది, ఆ లారీల్లో వచ్చిన వాటిలో పూర్తిగా వాడుకున్నది అదొక్కటే.

మాకు అప్పుడు కావల్సింది ఏమిటి? టార్పాలిన్లు, కొవ్వొత్తులు, తర్వాత పడిపోయిన జీడిమామిడి చెట్లు నరికించడానికి కూలి డబ్బు. చేతిలో రెండు వేలుంటే ఏ ఇల్లు ఆ ఇల్లు తనకు కావల్సింది కొనుక్కునేది. ఎవరూ మమ్మల్ని అడగలేదు.

ఇప్పుడు మలావీ. అక్కడ పాత బట్టలకి కరువు లేదు. వాటికి పేరే ఉంది, కౌంజిక అంటారు. యూరప్, అమెరికా, చైనా నుంచి బేళ్లు బేళ్లుగా వస్తాయి. లింబే బజారులో బేలు కత్తిరించి గుట్ట పోస్తే జనం ఏరుకుంటారు. ఇన్ని పాత బట్టలు పడే చోట కొత్త బట్ట నేసేవాడు, కుట్టేవాడు లేవలేరు. ఈ బాధతోనే కెన్యా, ఉగాండా, రువాండా వాళ్లంతా 2016లో పాత బట్టలు ఆపుదామనుకున్నారు. అమెరికా ఒత్తిడి తెచ్చేసరికి మిగిలినవాళ్లు వెనక్కి తగ్గారు, రువాండా తగ్గలేదు. 2018లో రువాండా బట్టలకిచ్చే సుంకం రాయితీని అమెరికా తీసేసింది. మీ చీరలు కట్టేది కూడా లేదు. అక్కడి ఆడవాళ్లు చిటెంజె అనే రెండు మీటర్ల అచ్చు నూలు బట్ట నడుముకి చుట్టుకుంటారు. పిల్లని వీపుకి కట్టుకునేదీ అదే, మూట కట్టేదీ అదే.

మిషన్లు: బ్లాంటైర్‌లో ప్రతి కొట్టు వరండాలో ఒక దర్జీ కూర్చుని ఉంటాడు, కాలితో తొక్కే మిషనే. మిషను దొరక్క కాదు అక్కడి ఇబ్బంది, కుట్టించుకునేవాడి జేబులో డబ్బు లేక. మీరు రెండు మిషన్లు పంపితే ఉన్న పనినే ఇంకో ఇద్దరు పంచుకుంటారు. మీ వీధిలో రేపు ఎవరైనా ఉచితంగా పది మిషన్లు పంచితే మీ గిరాకీ ఏమవుతుందో ఆలోచించండి.

బాబాయ్ గారు అన్న తాగుడు మాట. లింబేలో నేనూ ముందు అలాగే అనుకున్నాను. గివ్ డైరెక్ట్‌లీ అని ఒక సంస్థ ఉంది. పేదల ఫోన్‌కే సొమ్ము వేస్తుంది, షరతులుండవు. కెన్యాలో మొదలుపెట్టి మలావీకీ వచ్చింది. అక్కడ చాలామందికి ఫోన్‌లోనే డబ్బు దాచుకునే మొబైల్ మనీ ఉంటుంది, ఎయిర్‌టెల్ మనీ లాంటిది. అవును, మన ఎయిర్‌టెలే. ఒక ఊరికి అలా డబ్బు పడిన వారం మా షాపులో ఏం పోయిందో బిల్లులు రాసింది నేనే: రేకులు, మేకులు, ఎరువు బస్తాలు, ఒకటి రెండు సైకిళ్లు. రేకులు ఎంత పోయాయంటే గోడౌన్ నుంచి రెండుసార్లు తెప్పించాం. తాగినవాడు ఒకడో ఇద్దరో ఉండే ఉంటారు. మన జీతాల రోజున లేరా?

కెన్యాలో సియాయా అనే జిల్లాలో దీని మీద పెద్ద పరిశోధన జరిగింది. పదివేలకు పైగా ఇళ్లకు ఒక్కో ఇంటికి దాదాపు వెయ్యి డాలర్లు ఇచ్చి చూశారు. డబ్బు అందని పొరుగిళ్ల ఖర్చు కూడా పెరిగింది, ధరలు మాత్రం దాదాపు కదల్లేదు. రేకులు కొన్నవాడి డబ్బు వడ్రంగికి, వడ్రంగి డబ్బు కోళ్లమ్మే ఆవిడకి పోతుంది కదా, అదీ సంగతి.

మీకైతే సంస్థ కూడా అక్కర్లేదు. మీ మేనల్లుడు ఉన్నాడు, మనిషి తెలుసు. కానీ ఎప్పుడు పంపుతారన్నది చూసుకోండి. అక్కడ ఒకటే పంట కాలం. నవంబరు, డిసెంబరుల్లో విత్తు పడుతుంది, ఏప్రిల్, మేలలో కోత. జనవరి నుంచి మార్చి దాకా గాదెలు ఖాళీ, ఆకలి నెలలు. ఆ నెలల్లో పంపితే తినేస్తారు, తప్పేం కాదు, తినాలి కూడా. అక్టోబరు ఆఖరికి అందిస్తే ఎరువు కొంటారు. ఒక్క బస్తా ఎరువు పడిన మడికీ పడని మడికీ తేడా రోడ్డు మీంచే కనిపిస్తుంది. ఒకటి ముదురాకుపచ్చ, ఒకటి పసుపు.

నా పేరేమిటో అనుకుంటారేమో. నందోలో అంటే వాళ్ల మాటలో కందులు, నేను తెలుగు చేసుకున్నాను. దాని కథ రేపు రాస్తాను, డ్యూటీకి టైమైంది.


గుణుపురం కోడలు
19 ఆగస్టు

పుట్టిల్లు టెక్కలి. అక్కా, ఎవరైనా మీకు "అప్పుగా ఇద్దాం, అప్పుడే వాళ్లకి బాధ్యత ఉంటుంది" అని చెప్పొచ్చు. కివా అని అమెరికా వాళ్లది ఒకటి ఉంది, 2005 నుంచీ. పాతిక డాలర్లు ఎవరికైనా అప్పుగా ఇవ్వొచ్చు, ఫొటో కూడా చూపిస్తారు. మీకు వడ్డీ రాదు. కానీ మధ్యలో ఉండే అక్కడి సంస్థ చాలాచోట్ల ఆ మనిషి దగ్గర వడ్డీ తీసుకుంటుంది. చాలాసార్లు మీరు నొక్కకముందే అప్పు ఇచ్చేసి ఉంటారు కూడా.

నాకు అప్పంటే భయం. 2009లో మా అమ్మ మూడు మైక్రోఫైనాన్స్ కంపెనీల దగ్గర తీసుకుంది. ఒకదాని వాయిదా కట్టడానికి ఇంకోటి. మంగళవారం ఒకడు, గురువారం ఒకడు, శనివారం ఒకడు. ఒకావిడ కట్టకపోతే గ్రూపు మొత్తాన్ని అరుగు మీద కూర్చోబెట్టేవారు, పొయ్యి వెలిగించనిచ్చేవారు కాదు. మా అమ్మ ముక్కుపుడక అలా పోయింది. 2010 అక్టోబరులో ఆంధ్రా ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాక గానీ ఆ వాయిదాలు ఆగలేదు. డ్వాక్రా సంఘం వేరు, అది మా డబ్బు, మా మాట. ఇస్తే ఇచ్చేయండి, లేకపోతే మానేయండి. అప్పు మాత్రం వద్దు.


రాయగడ లెక్కలు
20 ఆగస్టు

డబ్బు పంపే పద్ధతి చెప్తాను.

మన దేశం నుంచి మనిషిగా మీరు బయటికి కానుకగా గానీ విరాళంగా గానీ పంపడం తప్పు కాదు. రిజర్వ్ బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ (మనుషులు బయటికి డబ్బు పంపుకునే పథకం) కింద ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల దాకా వీలుంది. మీరు అంత దూరం వెళ్లరు లెండి. పాన్ కార్డు ఉండాలి. మీరు పంపే చిన్న మొత్తం మీద బ్యాంకు టీసీఎస్ అనే పన్ను పట్టుకోదు. ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం గురించి భయపెడతారు, అది బయటి నుంచి ఇక్కడికి వచ్చే విరాళాలకి, ఇక్కడి నుంచి పోయేవాటికి కాదు. విదేశీ సంస్థకి ఇస్తే ఆదాయపన్నులో మినహాయింపు రాదు.

ఒక జాగ్రత్త: సంఘం పేరు మీదో ట్రస్టు పేరు మీదో పోగేసి పంపొద్దు. ట్రస్టు సొమ్ము దేశం బయట ఖర్చు పెట్టాలంటే పన్నుల బోర్డు అనుమతి కావాలి. చిన్న మొత్తమైతే బ్యాంకు వైరు ఛార్జీలే మింగేస్తాయి. మీ మేనల్లుడు తన జీతంలోంచి అక్కడ ఇచ్చి, ఇక్కడ వాడి అమ్మగారి ఖర్చుకి మీరిస్తే సులువని మీకు అనిపిస్తుంది. అది మాత్రం చెయ్యకండి, హవాలా కిందికి వస్తుంది. పన్నెండు మందీ ఎవరిది వారు మీకిచ్చి, మీరొక్కరే మీ పేరున, మీ ఖాతా నుంచి ఒకేసారి పంపండి. కాగితం ఉంచుకోండి.


ఉదయగిరి సిస్టర్, ఆర్.ఉదయగిరి
20 ఆగస్టు

నేను ఆసుపత్రి ఉద్యోగిని, కొండల మీద సవర ఊళ్లు నా డ్యూటీ. డబ్బు మాట అందరూ చెప్పారు, నేను దోమతెర మాట చెప్తాను.

మా దగ్గర మందు పట్టించిన దోమతెరలు పంచిన మొదటి ఏడాది ఏమైందనుకున్నారు? ఒక ఊళ్లో ఇప్పపూలు ఆరబోసి వాటి మీద కప్పారు, కోళ్లు తినకుండా. ఇంకో ఇంట్లో కొత్త తెర వాసనకి పిల్ల రాత్రంతా తుమ్మిందని చుట్టి అటక మీద పెట్టేశారు. కొత్త తెరని ఒక రోజు నీడలో ఆరేసి కట్టాలి, ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. మేము రాత్రిపూట వెళ్లి మంచం చుట్టూ కట్టి చూపించాం. తెరలు, ఇంటింటికీ రక్తపరీక్ష, దమన్ అనే ప్రభుత్వ మలేరియా కార్యక్రమం, అన్నీ కలిశాయి. 2016లో ఒడిశా మొత్తం మీద మలేరియా కేసులు నాలుగు లక్షలు దాటాయి. 2018కి లక్ష లోపుకి పడ్డాయి. రిజిస్టర్లో వరసగా ఖాళీ గీతలు చూసి నేను మొదట ఎవరో రాయడం మానేశారనుకుని తిట్టాను.

ఆఫ్రికాలో మలేరియాతో పోయేది ఎక్కువగా అయిదేళ్ల లోపు పిల్లలు. అగైన్‌స్ట్ మలేరియా ఫౌండేషన్ అని ఒకటుంది, ఇచ్చిన డబ్బుతో తెరలే కొంటుంది, మలావీలోనూ పంచింది. ఒక తెర రెండు డాలర్లకి కాస్త అటూ ఇటూ, ఇద్దరు పడుకుంటారు. జ్వరం లేని ఇంట్లో కూలి రోజులు పోవు, మందులకి మేక అమ్ముకోరు. నేను కార్డుతో ఏడాదికోసారి పది తెరల డబ్బు కడతాను, మా ఆయనకి ఈ మధ్యే తెలిసింది.


బొడొబజార్ బాబాయ్
20 ఆగస్టు

సిస్టర్ గారూ, ఉచితంగా ఇవ్వబట్టే ఇప్పపూల మీద కప్పారు. పది రూపాయలు పెట్టి కొనుంటే విలువ తెలిసేది.


నందోలు
21 ఆగస్టు

బాబాయ్ గారూ, ఇదే అనుమానం కొందరు ఆర్థికవేత్తలకీ వచ్చి కెన్యాలో గర్భిణుల ఆసుపత్రుల్లో చూశారు. కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల ధర. అర డాలరు పైన చిన్న ధర పెట్టేసరికి తీసుకునేవాళ్లు సగానికి పైగా తగ్గిపోయారు. ఉచితంగా తీసుకున్నవాళ్లు వాడటంలో మాత్రం డబ్బు పెట్టినవాళ్లకి తీసిపోలేదు. 2010లో అచ్చయింది. సిస్టర్ గారు చెప్పినట్టు ఇబ్బంది ధరలో లేదు, రాత్రి వెళ్లి కట్టి చూపించడంలో ఉంది.

ఇక కందుల కథ. బ్లాంటైర్ చుట్టుపక్కల తియోలో, చిరాజులు, ములాంజె వైపు ప్రతి మొక్కజొన్న మడిలోనూ కంది సాళ్లు ఉంటాయి, అచ్చం మన పోడు చేలల్లాగే. వాళ్లు కొంత తింటారు, మిగతాది అమ్ముతారు. లింబేలో పప్పు మిల్లులున్నాయి, సరుకు ఎక్కువగా పోయేది మన దేశానికే. 2015లో మన దగ్గర కందిపప్పు రెండు వందలు తాకింది గుర్తుందా? ఆ ఏడాది అక్కడ కంది వేసినవాళ్లు ఇళ్లకి రేకులు వేశారు. చూసి అందరూ కందే వేశారు. 2017లో మన దగ్గరా పంట విరగపండి, మన రైతుకి మద్దతు ధర కూడా రాలేదు. ఆగస్టులో మన కేంద్రం దిగుమతికి ఏడాదికి రెండు లక్షల టన్నుల హద్దు గీసింది. మన రైతు వైపు నుంచి చూస్తే తప్పనను, మా చిన్నాన్నా కంది రైతే. కానీ ఆ వారం లింబేలో నేను చూసింది వేరు. పాతిక కిలోమీటర్లు సైకిల్ తోసుకుంటూ బస్తా తెచ్చినవాడికి మా సేటు చెయ్యి అడ్డంగా ఊపాడు. అతను బస్తా దించలేదు, మారు మాట్లాడలేదు, సైకిల్ని అలాగే వెనక్కి తిప్పాడు. మన దేశం హద్దు గీసిందని అతనికి ఎవరు చెప్తారు? 2021 మేలో ఆ హద్దు తీసేశారు. ఏడాదికి యాభై వేల టన్నులు కొంటామని మలావీతో ఒప్పందం కూడా రాసుకున్నారు. రాసుకున్నదాని ప్రకారం ఏటా కొంటూ పోతే, మనం పంపే అన్ని మూటల కంటే అదే ఎక్కువ. అది మీ చేతిలోదీ నా చేతిలోదీ కాదు కాబట్టి ఆపేస్తాను.

మీ చేతిలో ఉన్నది ఒకటి చెప్తాను. ఆ వంటావిడని అడగమనండి, వాళ్ల ఊళ్లో బ్యాంక్ ఎంఖొండే ఉందా అని. ఖొండే అంటే వరండా. వరండా బ్యాంకు అన్నమాట. కేర్ అనే సహాయ సంస్థ 1991లో నైజర్‌లో మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పుడు ఆఫ్రికా అంతా ఉంది. ఇరవై పాతిక మంది ఆడవాళ్లు వారానికోసారి కూర్చుంటారు. ఇనుప పెట్టెకి మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర. పెట్టె దగ్గరున్న మనిషికి తాళంచెవి ఉండదు. వాటాలు కొంటారు, పుస్తకంలో ముద్ర వేస్తారు, అందులోంచే అప్పిచ్చుకుంటారు. ఆలస్యమైతే జరిమానా, రాకపోతే జరిమానా, మీటింగులో ఫోన్ మోగితే జరిమానా. ఒకసారి నన్ను చూడ్డానికి రానిచ్చారు, నా ఫోన్ మోగింది, నాకూ వేశారు. ఏడాది చివర మొత్తం పంచేసుకుంటారు. చాలాచోట్ల సరిగ్గా ఎరువులు కొనే వేళకి.

కానీ అక్కా, ఆ పెట్టెలో మీ డబ్బు వెయ్యొద్దు. మా సేటు భార్య ఒకసారి మంచి మనసుతో ఒక పెట్టెలో పెద్ద మొత్తం వేసింది. రెండు నెలల్లో గొడవలు, అప్పు తీసుకున్నవాళ్లు కట్టడం మానేశారు. పక్కింటావిడ గుడ్లమ్మి వేసిన డబ్బు ఎగ్గొట్టడానికి మొహమాటపడతారు. దొరసాని డబ్బుకి మొహమాటం ఏముంది? ఇచ్చేది ఇళ్లకి విడివిడిగా ఇవ్వండి. పెట్టె వాళ్లది వాళ్లకి వదిలేయండి.


మహేంద్రతనయ
22 ఆగస్టు

తమ్ముడూ, నీ పెళ్లి కోటు కథ మా వీధిలో చదివి వినిపించాను. ఒకావిడ లేచి తన మూట తను పట్టుకుపోయింది.

మిషన్ల మాట నాకు కాస్త గుచ్చుకుంది. కానీ మా వీధిలో పది మిషన్లు పడితే నా గతేమిటో రాత్రి పడుకుని ఆలోచించాను. సరే.

అడిగి చెప్తాను.


మహేంద్రతనయ
9 డిసెంబరు 2024

అప్పుడు సలహాలిచ్చినవాళ్లకి చెప్పాలి కదా, అందుకే మళ్లీ వచ్చాను.

మూటల్లో నూలు చీరలన్నీ విడదీసి బొంతలు కుట్టాం. పైన రెండు, లోపల నాలుగు పొరలు. పన్నెండు మందీ మధ్యాహ్నాలు వచ్చి కూర్చునేవారు, ఇరవై ఒక్క బొంతలయ్యాయి. కార్తీకంలో చలి పట్టగానే అమ్మితే అన్నీ పోయాయి, మూడు బొంతలు మహేంద్రగిరి వెళ్లే యాత్రికులే కొన్నారు. పాత డబ్బూ ఇదీ కలిపి పద్దెనిమిది వేల అయిదు వందలయింది. సిల్కువి గుడ్డపీలికలకి పోయాయి.

రాయగడ లెక్కల గారు చెప్పినట్టే నా పేరు మీద, బ్యాంకు ద్వారా. బ్యాంకులో కుర్రాడు మలావీకి ఎప్పుడూ పంపలేదట, మూడుసార్లు తిప్పాడు. ఎందుకు పంపుతున్నారన్న గడిలో కానుక అని రాయించాడు. ఎవరికి, ఏ చుట్టరికం అంటే ఏం చెప్పాలో తెలీలేదు. నా జాకెట్టులో తప్పు పట్టిన మనిషి అన్నాను. వాడు స్నేహితురాలు అని రాసుకున్నాడు.

ముందే అడిగించాను, ఏం కావాలని. మేకలు అంటారనుకున్నాను. ఎరువే అన్నారు. బస్తా తొంభై వేల క్వాచాల దాకా ఉందట, క్వాచా అంటే వాళ్ల రూపాయి. నాలుగు బస్తాలొచ్చాయి, ఎనిమిది ఇళ్లకి సగం సగం. పంపకం రోజున మావాడు వీడియో పెట్టాడు. ఆవిడ చెల్లెలు సగం బస్తా తూచడానికి తక్కెడ లేక డబ్బాతో కొలుస్తోంది. ఒక డబ్బా అటు, ఒక డబ్బా ఇటు, పక్కన ఎనిమిది ఇళ్లవాళ్లూ నిలబడి నోటితో లెక్క పెడుతున్నారు. చివరికి ఒక డబ్బా మిగిలింది. దాని మీద అరగంట వాదించుకున్నారు. అచ్చం మా వీధే.

ఉదయగిరి సిస్టర్ గారూ, తెరలు వాళ్ల ఊళ్లో ఇచ్చారట, ఆవిడ ఇంట్లో కట్టే ఉంది, చూశాను. చినిగిన చోట కుట్టు వేసింది. కుట్టు మాత్రం వంకర.

బాబాయ్ గారూ, ఎవరూ తాగలేదు. ఎరువుతో తాగేదేముంది అంటారేమో. మీ బొంత డబ్బు ముట్టింది, మీరు కొన్నారని మీ పేరు బయటపెట్టనులెండి.

తమ్ముడూ, నీకు ఒక్క ఫిర్యాదు. పెట్టెలో డబ్బు వెయ్యొద్దన్నావు, నేను వెయ్యలేదు. వాళ్లే వేశారు. ఎనిమిది మందీ తలో కొంచెం వేసుకుని నా పేరు మీద ఒక్క వాటా కొన్నారట, నన్ను అడక్కుండా. పుస్తకం ఫొటో వచ్చింది. పేరు గళ్లో "పర్లాకిమిడి" అని రాశారు, స్పెల్లింగు మావాడు చెప్పాడట. కింద ఒక ముద్ర. దాని కింద చేతిరాతతో ఇంకేదో ఉంటే ఏటిరా అది అని అడిగాను. పోయిన బుధవారం మీటింగుకి నేను రాలేదట. జరిమానా అయిదు వందల క్వాచాలు.

అంత చిన్న మొత్తం బ్యాంకులో పంపితే ఆ కుర్రాడు నన్ను గేటు దగ్గరే ఆపేస్తాడు. దీనికేదైనా దారి ఉంటే ఎవరైనా చెప్పండి. వచ్చే బుధవారం లోపు.